పందిరి కింద వేడినీళ్లు

మా మావయ్యగారు కాఫీ ఎప్పుడూ సాసర్లోకి వంచుకునే తాగేవారు. ఉత్త గ్లాసుతో ఇస్తే అడిగి మరీ సాసరు తెప్పించుకుని, కాస్త కాస్త పోసుకుని, ఊదుకుంటూ తాగేవారు. అటువంటి మనిషికి వేడినీళ్లు ఎలా చల్లారతాయో చెప్పి ఒప్పించలేకపోయానని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన మా అమ్మకి అన్నగారు. నాన్న పోయాక మమ్మల్ని కొత్తపేట దగ్గర తన ఊరికి తీసుకొచ్చి, తోట చివర స్థలం ఇచ్చి ఇల్లు కట్టించింది ఆయనే. మా వైపు ఇల్లు కట్టాలంటే ముందు మెరక చెయ్యాలి. లేకపోతే వానాకాలం నీళ్లు గడప దాటి లోపలికి వచ్చేస్తాయి. మెరక కోసం పెరట్లో మట్టి తవ్వితే ఆ గొయ్యే చెరువైంది. మావయ్యగారే పక్కన నిలబడి తవ్వించారు, రేవుకి మట్టిమెట్లు కొట్టించారు. అమ్మ బట్టలు అక్కడే ఉతికేది, గిన్నెలు అక్కడే తోమేది, సాయంత్రం గేదెని అందులోకే దింపేది. అది ముక్కు దాకా మునిగి, కళ్లు మూసుకుని, ఎంత పిలిచినా వచ్చేది కాదు. అమ్మ గట్టు మీద కూర్చుని దాన్ని ముద్దుగా తిడుతూ ఉండేది. నాన్న పోయాక అమ్మ ఊరికే కూర్చోవడం నేను చూసింది ఆ కాసేపే.

తర్వాత మిల్లు వచ్చింది. డెబ్బైల్లో మా చుట్టుపక్కల ఉప్పుడు బియ్యం మిల్లులు ఒక్కొక్కటే లేస్తున్న రోజులవి. మావయ్యగారు కూడా తోటలో ఒక పక్క ఖాళీ చేసి మిల్లు పెట్టారు. ఆ బియ్యం మేం తినం, ఆ వాసనే మాకు పడదు. కేరళ వాళ్లు తింటారని లారీలు రావులపాలెం మీదుగా అటు వెళ్లేవి. అమలాపురం కాలేజీలో నా డిగ్రీ అయిపోగానే మావయ్యగారు పిలిచి మిల్లు చూసుకోమన్నారు. కాదనే ప్రశ్నే లేదు. ఆయన ఏం చెప్పినా మా ఇంట్లో సమాధానం ఒక్కటే, ఆయ్.

ఉప్పుడు బియ్యానికి ధాన్యాన్ని పెద్ద సిమెంటు గాబుల్లో పోసి వేడినీళ్లలో నానబెడతారు. నానాక నీళ్లు వదిలేసి, ధాన్యానికి ఆవిరి పట్టి, కళ్లంలో ఆరబోసి, అప్పుడు మరాడిస్తారు. ఆ వదిలేసిన నీళ్లతోనే నాకు వచ్చింది తంటా అంతా. పసుపు రంగు, పులిసిన కుడితి వాసన, చెయ్యి పెడితే చురుక్కుమనే వేడి. పల్లం మా ఇంటి వైపే ఉంది. మిగతా మూడు వైపులా పరాయి వాళ్ల చేలు. అందుకని నీళ్లు బోదె కాలువ పట్టుకుని తిన్నగా అమ్మ చెరువులోకి వచ్చి, అది నిండాక అవతల మురుగు కాలువలోకి పోయేవి. బోదెలో పారి చెరువుకి చేరేసరికి చల్లారిపోతాయని మావయ్యగారి ధీమా.

మొదటి ఏడాదే గేదె కాలింది. బోదె చెరువులో కలిసే మూల దానికి ఇష్టమైన చోటు. అలవాటు కొద్దీ అక్కడే దిగింది. పొట్ట కింద తోలు ఊడి వచ్చేసింది. అమ్మ పసుపూ కొబ్బరినూనే కలిపి రాసింది. మావయ్యగారు వేరే పని మీద వచ్చి దాన్ని చూసి ఏమైందమ్మాయ్ అని అడిగితే, కంచె గీసుకుందని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన వెళ్లిపోయాక ఇదేం అబద్ధం అని అడిగాను. అమ్మ నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది.

“ఈ చెరువు సంగతి మావయ్య దగ్గర ఎత్తనని నా మీద ఒట్టెయ్యి. నిలవడానికి నీడిచ్చిన మనిషిరా. ఆయన మిల్లు మీద మనం నేరం చెబుతామా?”

ఒట్టేశాను. అప్పుడు ఇంకేం చెయ్యగలను? ఆ రోజు నుంచి గేదెకి బోరింగు దగ్గర స్నానం. అమ్మ బోరింగు కొట్టి, బిందెలు మోసి, చెంబుతో దాని వీపు మీద పోసేది. గేదెకి చెంబు నీళ్లు ఏ మూలకి? అది చెరువు వైపు తిరిగి అరిచేది, దిగమంటే దిగేది కాదు. చెరువులో మట్టగిడస చేపలు చచ్చి తేలాయి, తూటుతీగ గట్టు దాకా ఎండిపోయింది. అమ్మకి కుడి భుజం పట్టేసింది. అడిగితే పడక తేడా అనేది. అబద్ధాలు బాగా నేర్చింది మా అమ్మ ఆ ఏళ్లలో.

బోదె పక్కన పశువులు కాసుకునేవాళ్లు వచ్చి, నీళ్లు సలసలా వస్తున్నాయండి, దూడలు దిగడం లేదండి అని మావయ్యగారికి చెప్పుకున్నారు. ఆయన మంచి మనిషి. ఇది నేను కోపంలో కూడా ఒప్పుకునే మాట. నీళ్లు కాసేపు నిలవుంచి, చల్లారాక బోదెలోకి వదిలేలా ఆరుబయట ఒక గొయ్యి తవ్వించమని నాకే పురమాయించారు. ఫ్యాన్లూ పంపులూ అక్కర్లేదు, వాటంతటవే చల్లారిపోతాయి అన్నారు. నిజమే, అక్కర్లేదు. నా ప్రాణం లేచొచ్చింది. ఒట్టు తప్పకుండానే అమ్మ చెరువు బాగుపడుతుందనుకున్నాను.

వెడల్పుగా, మోకాలి లోతున తవ్విద్దామండి అన్నాను. పెళ్లిలో అన్నం వార్చాక చాప మీద పరుస్తాం కదండి, గుండిగలో ఉంచితే మధ్యాహ్నం దాకా పొగలు కక్కుతూనే ఉంటుంది కదండి అని కూడా చెప్పాను. ఆయన విని తల ఊపారు. మర్నాడు నేను ధాన్యం పని మీద అమలాపురం వెళ్లి వచ్చేసరికి మేస్త్రి చేత నుయ్యిలాంటిది మొదలుపెట్టించేశారు. వెడల్పు ఎక్కడ్రా, చెట్లు ఉన్నాయి కదా అన్నారు. కోనసీమలో మనిషికి నేల కావాలంటే కిందికి తవ్వుతాడు, పైకి కడతాడు, పక్కకి మాత్రం జరగడు. పక్కన కొబ్బరిచెట్టు ఉంటుంది.

సరే, లోతైతే లోతైంది. ఇటుక కట్టి, సున్నం పూసి, నీళ్లు వదిలారు. అప్పుడు మావయ్యగారు గొయ్యి చుట్టూ ఓసారి తిరిగి, పైకి చూసి, ఇంత ఎండ పడుతుంటే నీళ్లు ఎలా చల్లారతాయిరా అన్నారు. రెండో రోజుకి దాని మీద కొబ్బరాకుల పందిరి లేచింది. మట్టలు అల్లి, సందు లేకుండా, పెళ్లివారు వచ్చి కూర్చున్నా ఒక చుక్క ఎండ పడనంత దట్టంగా వేయించారు.

ఆయన్ని ఒక్కర్నీ అని లాభం లేదు. ఊరు ఊరంతా మెచ్చుకుంది. మా వైపు చల్లగా ఉండవలసింది ఏదైనా నీడలో ఉంటుంది. మజ్జిగ కుండ నీడలో, తమలపాకులు నీడలో, పసిపిల్ల ఉయ్యాల నీడలో. పుట్టినప్పటి నుంచి కొబ్బరిచెట్ల కింద బతికిన జనం. నీడ పడితే చల్లబడనిది ఉంటుందని వాళ్లకి తట్టదు. తీరా ఆ పందిరి కింద జరిగేదేమిటంటే, నీళ్ల ఆవిరి పైకి పోయే దారి లేక ఆకులకి అంటుకుని, చెమటలా కారి మళ్లీ గోతిలోనే పడేది. గాలి ఆడేది కాదు. పొద్దున్న వంగి లోపలికి తల పెడితే మొహానికి ఆవిరి పట్టినట్టుండేది. జలుబు చేసిన కూలీలు నిజంగానే వచ్చి ఆవిరి పట్టించుకునేవారు. ఆ వేడినే రోజూ నా చేత్తో తూము ఎత్తి బోదెలోకి వదిలేవాణ్ణి. అది ఎవరి పెరట్లోకి పోతోందో నాకు తెలుసు.

పందిరి తీసేద్దామండి అని ఎన్నిసార్లు చెప్పానో. మావయ్యగారు కోప్పడేవారు కాదు. కోప్పడితే బాగుండును, నేను కూడా కోప్పడేవాణ్ణి. చంటిపిల్లలకి నీళ్లెలా కాస్తారురా, గంగాళం వాకిట్లో ఎండలో పెట్టి కదా, మరి ఎండలో పెడితే కాగే నీళ్లు ఇక్కడ ఎలా చల్లారతాయి అని నవ్వుతూ అడిగేవారు. ఎండలో చన్నీళ్లు గోరువెచ్చన అవుతాయి, మరిగే నీళ్లూ గోరువెచ్చనే అవుతాయి, అంతకంటే ఏమీ కావండి అన్నాను. ఆయనకి అది చమత్కారంగా తోచింది. ఇంటికొచ్చిన వాళ్లకి కూడా చెప్పి నవ్వారు. అలా నవ్వుతూనే సాసర్లోకి కాఫీ వంచుకున్నారు. మీ చేతిలో ఉన్నదేమిటండీ అని అరవాలనిపించింది. నా నోట వచ్చింది ఆయ్ ఒక్కటే.

ఒక తుఫాను గాలికి పందిరి లేచిపోయి కళ్లం అవతల పడింది. దాన్ని మళ్లీ వేసేలోపు నీళ్లు ఆకాశం కింద ఉన్నాయి. చెప్పుకోదగినంత చల్లబడ్డాయి. పూర్తిగా కాదు, లోతు ఉంది కదా, కానీ చెయ్యి పెడితే ఉంచగలిగేలా అయ్యాయి. నేను పరుగున వెళ్లి మావయ్యగారిని తీసుకొచ్చి చూపించాను. ఆయన వేలు ముంచి చూసి, తుఫాను చలి అన్నారు. మర్నాడు కొత్త మట్టలు వచ్చాయి. ఆ రోజు మిల్లు వెనక నేను ఒక్కణ్ణే నిలబడి పచ్చి బూతులు తిట్టాను, ఎవర్నో నాకే తెలియదు.

ఆఖరికి ఒకరోజు తెగించి, చెట్లు కొట్టించి గొయ్యి వెడల్పు చేద్దామన్నాను. గోతికీ కంచెకీ మధ్య మూడు చెట్లు. అటూ ఇటూ ఉన్నవి రెండూ ముసలివి, కాపు తగ్గినవి. వాటికి మావయ్యగారు సరేనన్నారు. నడిమి చెట్టు దగ్గరే వచ్చింది చిక్కు. అది పోకపోతే మిగతావి కొట్టీ ప్రయోజనం లేదు. అది అమ్మ చెట్టు. మా తాతగారు ఆడపిల్ల పుడితే ఒక కొబ్బరిమొక్క పాతేవారట. దాని కాయలు ఆ పిల్లవే. పెళ్లయి వెళ్లినా సరే, తోటలో కాయలు దింపు తీసిన ప్రతిసారీ ఆ చెట్టు కాయలు విడిగా మూట కట్టి ఆడపడుచు ఇంటికి పంపాలి. నాన్న ఉన్నప్పుడు మేం ఏ ఊళ్లో ఉన్నా ఆ మూట వచ్చేది. పరాయి ఊరి బస్టాండులో ఆ గోనెసంచి దిగితే అమ్మ మొహం ఎలా మారిపోయేదో నాకు గుర్తు.

మావయ్యగారు నా మాట మధ్యలోనే ఆపేశారు. ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి.

“చెల్లాయి పుట్టిన రోజున నాన్నగారు పాతేరు. ఎండాకాలం కాలువలకి నీళ్లు కట్టేస్తే నేను కావిడి మోసి నీళ్లు పోసేను. చెల్లాయి చెట్టు మీద గొడ్డలి పడితే దాని మొహం నేనెలా చూస్తాన్రా?”

చెల్లెలి చెట్టని ఆయన కొట్టించడు. చెట్టు అడ్డమని గొయ్యి వెడల్పవ్వదు. గొయ్యి ఇరుకని నీళ్లు చల్లారవు. ఆ వేడంతా పోయి పడేది ఆ చెల్లెలి చెరువులోనే. ఆ చెల్లెలేమో అన్నయ్య నొచ్చుకుంటాడని బిందెలు మోసుకుంటూ నోరు మెదపదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. మధ్యలో నేను ఒట్టు మింగి కూర్చున్నాను. ఇంత ప్రేమ ఎందుకు, ఏడవడానికా అనిపించింది. ఇంటికొచ్చి అన్నం ముందు విసుక్కుంటే అమ్మ ఉప్పు తక్కువైందా అని అడిగింది.

దీపావళి వెళ్లిన రెండో రోజు అన్న చెల్లెలి ఇంటికి భోజనానికి రావాలి. ఏ పనున్నా మావయ్యగారు ఆ రోజు తప్పేవారు కాదు. అమ్మ తెల్లారకుండా లేచి కందా బచ్చలీ, పులిహోరా, పాలతాలికలూ చేసేది. మిల్లు వచ్చాక ఆవిడ ఇంకో పని కూడా కల్పించుకుంది. ఆయన వచ్చే వేళకి వీధి అరుగు పక్కన నిండు బకెట్టూ చెంబూ పెట్టేది. కాళ్లు అక్కడే కడుక్కుని తిన్నగా లోపలికి రావాలి. పెరట్లోకి వెళ్లే పని ఉండకూడదు. ఏటా అలాగే గడిచిపోయింది. మోకాళ్ల నొప్పులతో ఆయన కూడా అటు వెళ్లేవారు కాదు.

ఆ ఏడు అమ్మ వంటింట్లో ఉండగా నేను ఆ బకెట్టు తీసుకెళ్లి అరటిపాదులో కుమ్మరించేశాను. చెంబు బోర్లించాను. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. నేనేమీ చెప్పలేదు. ఒట్టు ఒట్టులాగే ఉంది.

మావయ్యగారు వచ్చి ఖాళీ బకెట్టు చూసి, ఫరవాలేదురా, చెరువు ఉందిగా అంటూ ఇంటి పక్కనుంచి పెరట్లోకి నడిచారు. నేను వెనకే వెళ్లాను. ఆయన పంచె ఎత్తుకుని, తను కొట్టించిన మెట్ల మీద గోడ పట్టుకున్నట్టు నెమ్మదిగా దిగి, కాలు నీళ్లలో పెట్టి వెనక్కి తీసేసుకున్నారు. తర్వాత గొంతుక్కూర్చుని చెయ్యి ముంచారు. ముంచిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు. పసుపుపచ్చటి నీళ్లు, చుట్టూ బోడిగట్టు, ఆ కుడితి వాసన. గేదె కొట్టంలో కట్టేసి ఉంది.

“గేదెని ఎక్కడ కడుగుతోందిరా?”

“బోరింగు దగ్గరండి.”

“నువ్వెందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దని ఒట్టేయించుకుందండి.”

ఆయన ఆ నీళ్లతోనే కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చారు. విస్తట్లో వడ్డించిందంతా తిన్నారు, పాలతాలికలు అడిగి వేయించుకున్నారు. అమ్మ వడ్డిస్తూ ఆయన పాదాల వైపు చూసింది. ఆ వాసన ఆవిడకి తెలియకపోవడం ఏమిటి? చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. తర్వాత నా వైపు చూసింది. అన్న వెళ్లిపోయాక ఆయన పెట్టిన చీర ఉన్న పళ్లెం దేవుడి దగ్గర పెట్టి, ఎంగిలాకు తీసేసి, నాతో మాట్లాడకుండా పడుకుంది.

కొన్ని రోజులకి గొడ్డలి చప్పుడు వినబడింది. మావయ్యగారు నాతో ఒక్క మాట అనకుండా చెట్లు కొట్టేవాళ్లని పిలిపించారు. నేను ఇంటికి పరుగెత్తుకొచ్చేసరికి అమ్మ పెరట్లో నిలబడి మిల్లు వైపు చూస్తోంది. అన్నిటికన్నా ఎత్తుగా ఉండే అమ్మ చెట్టు తల కాసేపు ఊగి, పక్కకి ఒరిగి, చెట్ల వెనక్కి పోయింది. అమ్మ ఏ చెట్టని అడగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

గొయ్యి నేను మొదట చెప్పినట్టే అయింది. వెడల్పుగా, మోకాలి లోతున, నెత్తిన పందిరి లేకుండా. సాయంత్రం వదిలిన నీళ్లు తెల్లారేసరికి మామూలు నీళ్లయిపోయేవి. రంగూ వాసనా పోలేదు కానీ వేడి మాత్రం పోయింది. మిల్లులో పనివాళ్లు నన్ను మెచ్చుకున్నారు. ఇంట్లో అమ్మ అన్నం పెడుతోంది, బట్టలుతుకుతోంది, మాట మాత్రం ముక్తసరి. నేనేం పాపం చేశాను? ఆవిడ భుజం కోసమే కదా ఇదంతా?

మావయ్యగారు అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అమ్మ చెట్టు మొద్దునే నిలువునా చీల్పించి, రేవులో మెట్టుగా వెయ్యమని మనుషులతో పంపించారు. మా వైపు అది మామూలే, కొట్టిన చెట్టు రేవుకో వంతెనకో వేస్తారు. చెల్లాయికి మట్టిమెట్లు జారుతున్నాయి, ఇక జారవు అని చెప్పమన్నారట. అమ్మ గుమ్మంలో నిలబడి వింది. ఆయ్, అలాగే చెప్పండి అన్నయ్యతో అంది. వాళ్లు దుంగ దింపి, మేకులు కొట్టి, గట్టిగా బిగించి వెళ్లారు.

వేసవి నాటికి గేదె మళ్లీ చెరువులోకి దిగడం మొదలుపెట్టింది. మొదట ముందరికాళ్లు పెట్టి, కాసేపు ఆలోచించి, తర్వాత మెడ దాకా. నేను మిల్లు నుంచి వచ్చేసరికి అమ్మ దాని వీపు తోముతూ కనిపించింది. పాదాలు పిక్కల దాకా బురద. దుంగ మీద తడి లేదు. రేవు పక్కన గట్టు కోసుకుపోయిన చోట, గడ్డి పట్టుకుని, ఆ బురదలోంచే దిగింది. మర్నాడు చూస్తే అలాగే. ఆ మర్నాడూ అలాగే. చక్కటి మెట్టు ఉంచుకుని, నొప్పి భుజంతో, గడ్డి పట్టుకుని జారుతూ దిగే మనిషిని చూస్తే నాకు ఆగలేదు.

“ఆ దుంగ మీంచి దిగితే ఏం పోయిందమ్మా? నీళ్లు చల్లబడ్డాయా లేదా?”

అమ్మ చెంబుతో గేదె తల మీద నీళ్లు పోసింది.

“చల్లబడ్డాయిరా. చల్లబరచమని నేనడిగేనా?”

తర్వాత చెంబు గట్టు మీద పెట్టి, గడ్డి పట్టుకుని, బురదలోంచే పైకి వచ్చింది.